వఫ్రా మజ్రాకు బయలుదేరుతున్నాను, సలహా కావాలి

పెద్దలందరికీ నమస్కారం. మాది కడప జిల్లా సిద్ధవటం దగ్గర ఒక పల్లె. వచ్చే నెల కువైట్ వెళ్తున్నాను. అక్కడి వఫ్రా అనే చోట మజ్రా (వ్యవసాయ క్షేత్రం) పని అనీ, టమోటా, కీరదోస తోటలనీ ఏజెంటు చెప్పాడు. వీసా కాగితంలో మాత్రం ఖాదిం వీసా అని ఉంది. అక్కడ మనలాంటి వారికి హక్కులంటూ ఏమైనా ఉన్నాయా, లేక కఫీలు (వీసా ఇప్పించే యజమాని) చెప్పిందే చట్టమా అన్నది తెలియక భయంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

తమ్ముడూ, నాది అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతం. 2009లో కువైట్ వచ్చాను. మొదటి ఆరేళ్లు వఫ్రాలోనే, సౌదీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక మజ్రాలో పనిచేశాను. హక్కులు ఉన్నాయి. కార్మికులూ, వారి తరఫున నిలబడినవారూ ఏళ్ల తరబడి అడగగా అడగగా వచ్చినవి అవి. చేతిలో రాతపూర్వకమైన ఆధారం, పక్కన నలుగురు మనుషులు ఉన్నవాడికే అవి అక్కరకు వస్తాయని నా అనుభవం.

ముందు వీసా సంగతి చూడు. ఖాదిం వీసా అంటే 20వ నంబరు, ఇంటిపనికి ఇచ్చేది. మనవాళ్లు షూన్ వీసా అనే 18వ నంబరు ప్రైవేటు రంగంలోని పనులకు ఇచ్చేది. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనీ, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలనీ అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. అయితే నీ కాగితం మీద ఇంటిపని ఉండి, నువ్వు చేసేది తోటపని అయితే, రేపు ఏదైనా గొడవ వచ్చినప్పుడు నువ్వు ఉండవలసిన చోట లేవన్న మాట ముందుగా నీ మీదికే వస్తుంది. కనుక బయలుదేరక ముందే ఏజెంటును నిలదీసి అడుగు. పని తోటపనే అయితే 18వ నంబరు వీసా, దానికి తగిన ఒప్పందపత్రం ఇప్పించమను. 18లోనూ ఒక ఇబ్బంది ఉంది: 2025 జూలై 1 నుంచి ఆ వీసా మీద ఉన్నవారు దేశం దాటాలంటే యజమాని అనుమతి కావాలి. అయినా చేసే పని, కాగితంలోని పని ఒకటే కావడం నీకు రక్ష.

ఏజెంటు తన సేవలకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వనివాడి చేతిలో డబ్బు పెట్టవద్దు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా పది లక్షల బీమా ఉంటుంది. అది కట్టకుండా విమానం ఎక్కకు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది లెక్క పుస్తకం గురించి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ తర్వాత మా ఊళ్లో సామాజిక తనిఖీ జరిగినప్పుడు గ్రామసభలో మస్టరు (కూలీల హాజరు పట్టీ) పైకి చదివారు. అప్పటికి రెండేళ్లుగా కువైట్‌లో ఉన్న మా మేనమామ పేరు అందులో వచ్చింది. ఆయన చెరువులో మట్టి తవ్వినట్టు, కూలి తీసుకున్నట్టు రాసి ఉంది. చదువురాని మా అమ్మ లేచి, 'ఆయన ఈడ లేడు' అని అంతమంది ముందు చెప్పింది. ఆ వెనుకే ఇంకో పదిమంది లేచారు. కాజేసిన డబ్బు కక్కించారు. కూలివాడు తన పనిదినాలు తాను లెక్కపెట్టుకోవాలన్న సంగతి నాకు ఆ రోజు బోధపడింది.

వఫ్రాకు వచ్చాక నేనూ ఒక పుస్తకం పెట్టాను. ఏ రోజు ఎన్ని గంటలకు మొదలుపెట్టాం, ఎప్పుడు దిగాం, ఎవరెవరం ఉన్నాం, ఎంత జీతం చేతికి వచ్చింది అన్నీ రాసేవాణ్ణి. ఒక వేసవిలో నాలుగు నెలలు జీతాలు ఆగిపోయాయి. మేం ఏడుగురం: ముగ్గురం మనవాళ్లం, ఇద్దరు బంగ్లాదేశ్ వారు, ఒక నేపాలీ, ఒక ఈజిప్టు ఆయన. అప్పటిదాకా ఒకరి భాష ఒకరికి రాక, ఎవరి వంట వారు, ఎవరి గది వారు. మేనేజరు విడివిడిగా పిలిచి, నీకు ఇస్తాను, మిగిలినవారికి చెప్పకు అని ఒక్కొక్కరికీ ఆశ పెట్టాడు. ఈజిప్టు ఆయన అరబ్బీలో ఒకే అర్జీ రాశాడు. ఏడుగురం సంతకాలు చేసి, పుస్తకం పట్టుకుని షూన్ (కార్మిక శాఖ) కార్యాలయానికి వెళ్లాం. మూడోసారి పిలిపించినప్పుడు యజమాని తరఫు మనిషి వచ్చి మొత్తం కట్టాడు.

వేరువేరు భాషల కూలీలు ఒకటైతే ఏమవుతుందో తోటపనివారి చరిత్రలో పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల ఫిలిపినో కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. అంతకు ముందు ఫిలిపినోలు పని ఆపితే మెక్సికన్లను, మెక్సికన్లు ఆపితే ఫిలిపినోలను దింపి తోటల యజమానులు పని నడిపించుకునేవారు. ఆ దఫా వారం తిరగగానే మెక్సికన్ కూలీల సంఘం కూడా సమ్మెలో కలిసింది. ఆ ద్రాక్ష కొనవద్దని ఊరూరా ప్రచారం చేశారు. ఐదేళ్లు పట్టింది, 1970లో యజమానులు సంఘంతో ఒప్పందాల మీద సంతకాలు చేశారు.

దీన్ని చదివి కువైట్‌లో సమ్మెకు, ఊరేగింపుకు మాత్రం దిగకు. ఇక్కడ విదేశీయులు గుమికూడి నిరసన తెలిపితే దేశం నుంచి పంపించివేస్తారు. ఇక్కడ మన దారి ఉమ్మడి అర్జీ, ఉమ్మడి సాక్ష్యం. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని చేయించరాదన్న నిషేధం ఉంది. ఆ వేళలో పనికి తోలితే తేదీ, సమయం పుస్తకంలో రాసుకో.

రెండో జవాబు

అన్న చెప్పిన వాటికి ఒక మాట కలుపుతాను. నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఇంటిపని చేస్తున్నాను. 2018లో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకరి శవం ఫ్రీజరులో దొరికినప్పుడు వాళ్ల దేశం మనుషులను పంపడమే ఆపివేసింది. ఆ మే నెలలో కువైట్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. పాస్‌పోర్టు, ఫోను పనివారి దగ్గరే ఉండాలని అందులో రాయించుకున్నారు. మా వీధిలోని ఫిలిపినో అమ్మాయిలు ఆ షరతును చూపించి ఫోన్లు అడిగి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. మన దేశం కూడా 2021 జూన్‌లో ఇంటిపనివారి విషయమై కువైట్‌తో అవగాహన పత్రం మీద సంతకం చేసింది.

తమ్ముడూ, పనివారి అంగీకారం లేకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదని 68వ చట్టంలో ఉంది. ఆ అంగీకారాన్నే, మనకు చదవడం రాని అరబ్బీ కాగితం మీద వేలిముద్రగా తీసుకుంటారు. చదివించుకోకుండా దేని మీదా వేలు పెట్టకు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, రసీదుల నకళ్లు ఒక జత మీ అమ్మగారి దగ్గర ఉంచు, ఇంకో జత ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపు. చేరిన తర్వాత వచ్చే మొదటి శుక్రవారం కువైట్ నగరంలోని మాలియాకు రా. మన జిల్లాలవాళ్లు అక్కడ కలుస్తుంటారు. నీ మజ్రా ఎక్కడుందో, కఫీలు పేరేమిటో కనీసం ముగ్గురికి చెప్పి వెళ్లు.