పీసీఆర్ఈ2 క్యారెక్టర్ టేబుల్స్ తెలుగు లొకేల్‌తో మళ్ళీ జనరేట్ చేస్తే తెలుగు పదాలు మ్యాచ్ అవుతాయా?

పాతపత్రికలు:
అందరికీ నమస్తే. పాత తెలుగు పత్రికల టెక్స్ట్ ఫైల్స్ చాలా ఉన్నాయి నా దగ్గర, వాటిలోంచి పదాలు విడగొట్టి ఇండెక్స్ చెయ్యడానికి సీ లాంగ్వేజ్‌లో ఒక చిన్న టూల్ రాస్తున్నా. రెజెక్స్‌కి (అంటే ఇచ్చిన నమూనాకి సరిపోయే టెక్స్ట్ వెతకడానికి) పీసీఆర్ఈ2 వాడుతున్నా, 8 బిట్ లైబ్రరీ, యూటీఎఫ్ ఆప్షన్ (విడి బైట్లుగా కాక యూనికోడ్ అక్షరాలుగా చదివేది) ఆన్‌లోనే ఉంది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (పదంలోని అక్షరాల వరసని పట్టేది, ఇకమీదట స్లాష్ డబ్ల్యూ అంటా) పెడితే ఇంగ్లీష్ పదాలు చక్కగా వస్తున్నాయి, తెలుగువి మాత్రం ఒక్కటీ రావట్లేదు.

బిల్డ్ డాక్యుమెంట్ చదువుతుంటే రీబిల్డ్ చార్‌టేబుల్స్ అనే కాన్ఫిగర్ ఆప్షన్ కనపడింది. అది పెడితే డీఎఫ్‌టేబుల్స్ అనే ప్రోగ్రామ్ ముందు కంపైల్ అయ్యి, రన్ అయ్యి, ఏది అక్షరం, ఏది అంకె అని చెప్పే టేబుల్స్ ఉన్న సీ ఫైల్‌ని అక్కడికక్కడే తయారుచేస్తుందట, దాన్నే విడిగా మైనస్ ఎల్ ఇచ్చి నడిపితే ఎల్‌సీ ఆల్‌లో ఉన్న లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) తీసుకుంటుందట. మరి తెలుగు లొకేల్ పెట్టి చేయిస్తే నా పని అయిపోతుందా? ఇంకోటి, ఈ టూల్ చివరికి ఒక ఆర్మ్ బోర్డ్ మీద నడవాలి, నేను లాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ (ఒక మెషీన్ మీద ఇంకో రకం మెషీన్ కోసం కంపైల్) చేస్తున్నా, ఆ ఆప్షన్ పెట్టగానే బిల్డ్ మధ్యలో ఆగిపోతోంది.

బైట్_బై_బైట్:
అవ్వదండీ. ఆ టేబుల్స్‌లో ఏముందో ఒకసారి చూస్తే ఎందుకో తెలుస్తుంది. మొత్తం సైజు 1088 బైట్లే. మొదటి 256 చిన్నక్షరాలకి మార్చే టేబుల్, తర్వాత 256 కేస్ తిరగేసే టేబుల్, తర్వాత 320 బైట్లు బిట్ మ్యాప్‌లు (స్పేస్, డిజిట్, అప్పర్, లోయర్, వర్డ్, పంక్ట్ లాంటి 10 క్లాసులు, ఒక్కోదానికి 256 బిట్లు అంటే 32 బైట్లు), చివరి 256 ఒక్కో క్యారెక్టర్ ఏ రకమో చెప్పేది. డీఎఫ్‌టేబుల్స్ చేసే పని కూడా పెద్దదేం కాదు, 0 నుంచి 255 దాకా లూప్ తిరుగుతూ సీ లైబ్రరీలోని టూలోయర్, ఈజ్‌డిజిట్, ఈజ్‌అప్పర్ లాంటి ఫంక్షన్లని అడిగి ఆ జవాబులు ఫైల్‌లో రాసేస్తుంది, అంతే.

అంటే 255 దాటిన క్యారెక్టర్‌కి ఈ టేబుల్స్‌లో చోటే లేదు. యూనికోడ్ నంబర్లలో తెలుగు అక్షరాలు 3072 నుంచి మొదలవుతాయి. మీ లినక్స్‌లో తెలుగు లొకేల్ ఎలాగూ యూటీఎఫ్-8 లొకేలే, అందులో 127 పైన ఉన్న ఏ బైట్ కూడా ఒంటరిగా అక్షరం కాదు కాబట్టి మీరు ఎంత కష్టపడి చేయించినా వచ్చే టేబుల్స్ మామూలు సీ లొకేల్‌ టేబుల్స్‌లాగే ఉంటాయి.

ఇవి ఎక్కడ పనికొస్తాయంటే ఒక్క బైట్‌కి ఒక్క అక్షరం ఉన్న ఎన్‌కోడింగ్‌లకి. ఫ్రెంచ్ లాటిన్-1 లొకేల్‌లో 233 ఒక అక్షరమని, దాని పెద్దక్షరం 201 అని లైబ్రరీకి తెలియాలి కదా, అందుకు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఈబీసీడిక్‌లో అయితే ఇంగ్లీష్ పెద్ద ఏ 65 కాదు, 193, అక్కడ ఆస్కీ టేబుల్స్ అస్సలు పనిచెయ్యవు. ఎవరైనా సలహా ఇచ్చారని యూటీఎఫ్ తీసేసి లాటిన్-1 టేబుల్స్ మాత్రం పెట్టకండి, త అనే అక్షరం 224, 176, 164 అని మూడు బైట్లు, లాటిన్-1 ప్రకారం 224 అక్షరం, మిగతా రెండూ కాదు, మ్యాచ్ సరిగ్గా అక్షరం మధ్యలో తెగుతుంది.

మీకు కావాల్సింది యూసీపీ ఆప్షన్. అది పెడితే స్లాష్ డబ్ల్యూ, స్లాష్ డీ (అంకె) లాంటివి ఈ టేబుల్స్ వదిలేసి యూనికోడ్ ప్రాపర్టీలు, అంటే ప్రతి క్యారెక్టర్‌కీ యూనికోడ్ ఇచ్చిన రకం, చూస్తాయి.

క్రాస్‌కంపైల్:
రెండో ప్రశ్నకి చెప్తా. డీఎఫ్‌టేబుల్స్ బిల్డ్ జరిగే మెషీన్ మీదే రన్ అవ్వాలి, మీ క్రాస్ కంపైలర్ దాన్ని ఆర్మ్‌కి కంపైల్ చేస్తే లాప్‌టాప్‌లో ఎలా నడుస్తుంది, అందుకే ఆగిపోతోంది. డాక్యుమెంట్‌లోనే రాశారు ఇది క్రాస్ కంపైల్‌లో పనిచెయ్యదని. నిజంగా అవసరమైతే ఆ ఒక్క సీ ఫైల్‌ని లాప్‌టాప్ మామూలు కంపైలర్‌తో చేత్తో కంపైల్ చేసి, రన్ చేసి, వచ్చిన చార్‌టేబుల్స్ ఫైల్‌ని సోర్స్‌లో పెట్టుకుని బిల్డ్ చెయ్యాలి. మైనస్ బీ ఇస్తే బైనరీ ఫైల్ ఇస్తుంది, అవి ఉత్త బైట్లే కాబట్టి ఎండియన్ (బైట్ల వరస) గొడవ లేదు, ఏ బోర్డ్‌కైనా పట్టుకెళ్ళొచ్చు. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే కావాలంటే మేక్‌టేబుల్స్ ఫంక్షన్ ఉంది, కాకపోతే లైబ్రరీ ఆ టేబుల్స్‌ని కాపీ చేసుకోదు, పాయింటర్ మాత్రమే దాచుకుంటుంది, ప్యాటర్న్ వాడినంతసేపూ ఆ మెమరీ ఫ్రీ చెయ్యకూడదు. మీ కేసులో మాత్రం ఆ ఆప్షన్ తీసేయండి, సోర్స్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ ఫైల్ చాలు.

పాతపత్రికలు:
ఇద్దరికీ థాంక్స్ అండీ, ఆప్షన్ తీసేశాక బిల్డ్ అయిపోయింది. యూసీపీ పెట్టాక తెలుగు వస్తోంది, కానీ ముక్కలు ముక్కలుగా. "తెలుగు" అని ఉన్నచోట "తెల" ఒకటి, "గ" ఒకటి వచ్చాయి, కొమ్ములు ఎటు పోయాయో తెలీదు. వెర్షన్ 10.43.

గుణింతం:
ఇది మన లిపి వాళ్ళందరూ తెలుసుకోవాల్సిన విషయం, కొంచెం వివరంగా రాస్తా. 10.43 ముందు వరకు యూసీపీలో స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అంతే. 10.43లో పెర్ల్‌తో సమానంగా ఉండాలని ఎంఎన్ అనే కేటగిరీ కూడా కలిపారు, అంటే చోటు ఆక్రమించని గుర్తులు. ఎంసీ అనే ఇంకో కేటగిరీ ఉంది, పక్కన చోటు తీసుకునే గుర్తులు, దాన్ని కలపలేదు. మన గుణింతాలు ఈ రెండిట్లోకీ చీలిపోయాయి. దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, పొల్లు ఎంఎన్. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రుసుడి, సున్న, విసర్గ ఎంసీ. అందుకే త మీద ఎత్వం నిలిచింది, ల కింద కొమ్ము దగ్గర తెగింది. పాత వెర్షన్‌లో అయితే త, ల, గ అని మూడు ముక్కలు వచ్చేవి.

ఇంతకన్నా ప్రమాదం స్లాష్ బీ, అంటే పదం అంచు. స్లాష్ బీ రాము స్లాష్ బీ అని వెతికారనుకోండి, "రాము వచ్చాడు"లో దొరకదు, ఎందుకంటే చివరి కొమ్మూ పదంలో భాగం కాదు, దాని తర్వాత స్పేసూ కాదు, రెండూ ఒకే జాతి కాబట్టి మధ్యలో అంచు లేదు. అదే "రాముడు"లో మాత్రం దొరుకుతుంది, కొమ్ము తర్వాత డ అక్షరం కాబట్టి అక్కడ అంచు ఉన్నట్టు లెక్క! వెతకాల్సింది వదిలేసి వెతక్కూడనిది పట్టుకొస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

కాబట్టి తెలుగుకి స్లాష్ డబ్ల్యూ, స్లాష్ బీ రెండూ వదిలెయ్యండి. బ్రాకెట్ క్లాస్‌లో స్లాష్ పీ ఎల్ (అక్షరాలు), స్లాష్ పీ ఎం (గుర్తులు), స్లాష్ పీ ఎన్ (అంకెలు) మూడూ పెట్టండి. ఎం అంటే గుర్తులన్నీ వచ్చేస్తాయి, పాత పత్రికలంటున్నారు కాబట్టి అరసున్న కూడా ఉంటుంది, అదీ ఎంసీయే, అదీ వస్తుంది. అంచుకి బదులు, పక్కన ఆ క్లాస్ అక్షరం ఉండకూడదని చెప్పేలా ముందు, వెనక అదే క్లాస్‌తో నెగెటివ్ లుక్‌బిహైండ్, నెగెటివ్ లుక్‌అహెడ్.

బైట్_బై_బైట్:
గుణింతం గారు చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతా, మీకు నిజంగా టేబుల్ జనరేట్ చెయ్యాలనే ఉంటే దానికీ చోటుంది. పీసీఆర్ఈ2 లోపల యూనికోడ్ టేబుల్ రెండంచెలుగా ఉంటుంది, 11,14,112 కోడ్ పాయింట్లకి (యూనికోడ్ నంబర్లకి) నేరుగా టేబుల్ పెడితే చాలా పెద్దదవుతుంది కాబట్టి 128 చొప్పున బ్లాకులు చేసి, ఒకేలా ఉన్న బ్లాకుల్ని ఒక్కసారే దాచి, మొదటి అంచెలో ఏ బ్లాకో మాత్రమే రాస్తారు. తెలుగు 3072 నుంచి 3199 దాకా, సరిగ్గా 128, అంటే సున్నా నుంచి లెక్కేస్తే 24వ బ్లాకు మొత్తం మనదే. ఆ బ్లాకుకి పదంలో భాగమా (అక్షరం, గుర్తు, అంకె) కాదా అనే బిట్ మ్యాప్ 16 బైట్లు. పదాలు విడగొట్టడమే పని అయితే రెజెక్స్ లేకుండా ఆ 16 బైట్లతోనే ఒక చిన్న లూప్ రాసుకోవచ్చు.

ఆ బిట్లు మాత్రం చేత్తో రాయకండి. యూనికోడ్ డేటా ఫైల్‌లో ఒక్కో లైన్‌లో సెమికోలన్ల మధ్య మొదటిది కోడ్, మూడోది కేటగిరీ, పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ చాలు. చేత్తో రాస్తే పాతబడిపోతుంది, నకార పొల్లు (పొల్లు న్ కి పాత రూపం) 2021లో యూనికోడ్ 14తో వచ్చింది, మీ పాత పత్రికల్లో కనపడే అక్షరం అది.

గుణింతం:
అవును, ఇంకా జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కనపడని గుర్తు) మర్చిపోకండి, నంబర్ 8204. "ఫేస్‌బుక్" లాంటి పదాల్లో పొల్లు తర్వాత ఉంటుంది, అది తెలుగు బ్లాకులో లేదు, ఎల్ ఎం ఎన్ దేంట్లోనూ రాదు. ఆ ఫైల్స్ ఈమధ్య టైప్ చేసినవైతే కచ్చితంగా ఉంటుంది, క్లాస్‌లో విడిగా కలపండి, ఇండెక్స్‌లో వేసేముందు మాత్రం తీసెయ్యండి, లేకపోతే ఒకే పదం రెండు పదాలుగా నమోదవుతుంది.