వీడియో కాల్‌లో నానమ్మ, తాతయ్యలతో పాప మాట్లాడట్లేదు, ఏం చేయాలి?

మా పాపకి 4 ఏళ్లు, నానమ్మ తాతయ్య వేరే ఊర్లో ఉంటారు. రోజూ రాత్రి 8కి వీడియో కాల్ చేస్తాం కానీ హాయ్ చెప్పేసి ఎర్ర బటన్ నొక్కి పారిపోతుంది. వాళ్లేమో ఎప్పుడూ "తిన్నావా, బడికెళ్లావా" అనే అడుగుతారు, ఇది తలూపి ఊరుకుంటుంది. టైమ్ సాయంత్రానికి మార్చి చూశాం, తాతయ్య చేత బొమ్మల పుస్తకం చదివించాం, కథ మధ్యలో నెట్ ఆగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. బలవంతపెడితే ఏడుపు, నానమ్మ "పోన్లే వదిలెయ్" అంటారు గానీ ఆవిడ మొహం చిన్నబోతుంది. ఎదురుగా ఉంటే మాత్రం తాతయ్య ఒళ్లోంచి దిగదు, కాబట్టి ఇష్టం లేక కాదు. ఈ వయసు పిల్లల్ని కాల్‌లో ఓ పది నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టిన ఆట ఏదైనా మీ ఇంట్లో పనిచేసిందా?