రోమా 3:28, యాకోబు 2:24: ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలి?

సందేహి
అందరికీ వందనాలు. ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడవుతాడని పౌలు (రోమా 3:28). విశ్వాసం మాత్రమే కాదు, క్రియలు కూడా ఉండాలని యాకోబు (2:24). ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు, ఇద్దరూ ఆదికాండం 15:6నే చూపిస్తారు. "రెండూ నిజమే" అనేసి వదిలేయకండి. ఎలా నిజమో చెప్పండి.

ద్రాక్షతీగె
"విశ్వాసం", "మాత్రమే" అనే రెండు మాటలు కలిసి వచ్చేది కొత్త నిబంధన మొత్తంలో ఒక్క యాకోబు 2:24లోనే. అక్కడా "కాదు" అనడానికే వచ్చాయి. రోమా 3:28 గ్రీకులో "మాత్రమే" అన్న మాటే లేదు. 1522 జర్మన్ అనువాదంలో సంస్కర్త మార్టిన్ లూథర్ దాన్ని చేర్చాడు. ఆ ఏడాది ముందుమాటలోనే యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. లేని మాట చేర్చి, ఉన్న పత్రికను పక్కకు నెట్టిన మీదట "లేఖనం ఇలా చెబుతోంది" అంటే ఎలా?

రోమా328
బ్రదర్, సగమే చెప్పారు. "మాత్రమే" ఎందుకు వేశాడో లూథర్ 1530లో ఒక బహిరంగ లేఖే రాశాడు. ఒకదాన్ని ఔనని, ఇంకొకదాన్ని కాదని చెప్పేటప్పుడు జర్మన్లు మాట్లాడే తీరు అదని అతని వాదన. ఆ మాట అతను పుట్టించిందీ కాదు. 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే సంఘ పండితుడు రోమా పత్రిక వ్యాఖ్యానంలో (మనకు మిగిలింది రుఫీనస్ లాటిన్ అనువాదం) ఇదే చోట సిలువ మీది దొంగను చూపించి, విశ్వాసం ఒక్కటే చాలిందని రాశాడు. గడ్డి అన్న మాటను తర్వాతి బైబిలు ముద్రణల ముందుమాటలోంచి తీసేశారు కూడా.

ఇక అబ్రాహాము సంగతి. పౌలు వాదన అంతా వయసు లెక్క మీద నిలబడింది. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. ఇష్మాయేలు పుట్టేసరికి అతనికి 86 ఏళ్లు (16:16). సున్నతి పొందేనాటికి 99 (17:24). అంటే కనీసం 13 ఏళ్లు అతను సున్నతి లేకుండానే నీతిమంతుడు. "సున్నతికి ముందా, తర్వాతా?" అని రోమా 4:10లో పౌలు అడిగింది అందుకే. యాకోబు చూపిస్తున్నది 22వ అధ్యాయం, ఇస్సాకు బలిపీఠం ఎక్కిన రోజు. ఆ రోజున 15:6 "నెరవేరింది" అంటాడు (2:23). ముందే పలికిన మాటకే కదా నెరవేర్పు ఉండేది! నాటింది ఒకనాడు, కాసింది ఇంకొకనాడు. ఇద్దరూ వాడిన గ్రీకు క్రియాపదం ఒకటే అయినా, దానికి "నీతిమంతుడని తీర్చడం", "నీతి అని రుజువు కావడం" అని రెండు వాడుకలున్నాయి. జ్ఞానం తన పిల్లల వల్ల నీతి అని తేలుతుందన్న లూకా 7:35లో ఉన్నదీ ఆ మాటే.

ద్రాక్షతీగె
ఇంత రాశారు కానీ, గ్రీకులో "మాత్రమే" ఉందా, లేదా?

బెరయ వాసి
దయ్యాలు కూడా నమ్ముతాయి, వణుకుతాయి కూడా. యాకోబు 2:19.

రాహాబు కిటికీ
మీరిద్దరూ "మాత్రమే" దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు "క్రియలు" అన్న మాటలో ఉంది. పౌలు అన్నది "ధర్మశాస్త్ర క్రియలు". సున్నతి, భోజన నియమాలు, విశ్రాంతి దినం లాంటి, యూదుణ్ణి అన్యుణ్ణి వేరుచేసే గుర్తులే వీటిలో ముఖ్యమని 1980ల నుంచి జేమ్స్ డన్ అనే బైబిలు పండితుడు వాదించాడు. మృత సముద్రం దగ్గర దొరికిన కుమ్రాను చుట్టల్లో ఒకదానిలో ఇదే పదబంధం హెబ్రీలో దొరికింది. 1994లో అచ్చయింది. అందులో ఉన్నవి చాలావరకు శుద్ధి నియమాలూ, ఆలయ విధులే. ఒక పాత్రలోంచి అపవిత్రమైన పాత్రలోకి వంపేటప్పుడు ఆ ధార వెంట అపవిత్రత పైకి ఎక్కుతుందా అన్నంత సూక్ష్మంగా ఉంటాయి. యాకోబు చెప్పే క్రియలు వేరు: బట్టలేని సోదరికి బట్ట, ఆకలిగొన్నవాడికి ఆ పూట తిండి, రాహాబు వేగులవాళ్లను దాచడం.

కానీ దీంతోనే పని జరిగిపోదు. పనివాడికిచ్చే జీతం దానం కాదు, బాకీ అని రోమా 4:4లో పౌలు అంటాడు. అది సున్నతికే పరిమితమైన మాట కాదు. కాబట్టి డన్ చూపిన దారి సగం దూరమే తీసుకెళ్తుంది.

ఇంకో సంగతి. యాకోబు 2:14ని కొన్ని అనువాదాల్లో "విశ్వాసం అతన్ని రక్షిస్తుందా?" అని చదువుతారు. గ్రీకులో విశ్వాసానికి ముందు నిర్దేశక పదం ఉంది. అందుకే మన తెలుగు బైబిల్లో "అట్టి విశ్వాసము" అని ఉంటుంది. నోటితో ఉందని చెప్పుకునే ఆ విశ్వాసం అన్నమాట. ప్రశ్న వేసిన తీరు కూడా "రక్షించదు కదా" అనే జవాబు కోరే తీరే.

రోమా328
సిస్టర్ అన్నదే నా మాట. పాత వేదాంతులు విశ్వాసంలో మూడు చూపిస్తారు: తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం. దయ్యాలకు మొదటి రెండూ ఉన్నాయి. మూడోది లేదు. మూడూ ఉన్నవాడికి క్రియలు వాటంతటవే వస్తాయి. నిప్పు నుంచి వేడినీ వెలుగునూ విడదీయలేనట్టే విశ్వాసం నుంచి క్రియల్నీ విడదీయలేమని రోమా పత్రిక ముందుమాటలో లూథరే రాశాడు.

ద్రాక్షతీగె
వాటంతటవే వస్తే, యాకోబు ఆ పత్రిక రాయాల్సిన పనేముంది? రాలేదు కాబట్టే రాశాడు! ఒక ప్రార్థన చెప్పించి, బైబిలు అట్ట లోపల తేదీ రాయించి, "ఇక నీకు భయం లేదు, రక్షణ పొందావు" అని పంపేస్తారు. ఆ మనిషి కూలీ డబ్బులు ఎగ్గొట్టినా, కట్టుకున్నదాన్ని కొట్టినా, "క్రియల వల్ల కాదు బ్రదర్" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. 1937లో జర్మన్ పాస్టర్ బాన్‌హోఫర్ "చవక కృప" అన్నది దీన్నే. ఈ మాట ఇక్కడ ఎత్తినప్పుడల్లా నా మీద ఏదో ముద్ర వేస్తున్నారు, అదొకటి.

రోమా328
ముద్ర కాదు, మీరు మాట్లాడేది లూథర్‌కు జవాబుగా కాథలిక్కులు జరిపిన ట్రెంట్ సభ మాటే.

ద్రాక్షతీగె
ట్రెంట్ చదివారా? 1547 జనవరి 13, ఆరవ సమావేశం, 33 శాసనాలు. కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడనేవాణ్ణి మొదటి శాసనమే శపించింది.

రోమా328
విశ్వాసం ఒక్కటే చాలనేవాణ్ణి శపించిన తొమ్మిదోది దాటేసి వెళ్లకండి. క్రియలు నీతికి ఫలాలే తప్ప దాన్ని పెంచవనేవాణ్ణి శపించిన 24వది కూడా. లూకా 18లో తన క్రియల్నే ఏకరువు పెట్టిన పరిసయ్యుడు కూడా "దేవా, నీకు కృతజ్ఞతలు" అనే మొదలుపెట్టాడు.

నిర్వాహకుడు
మనుషుల్ని వదిలి వచనాల మీద మాట్లాడండి.

బెరయ వాసి
1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో మనిషి నీతిమంతుడయ్యే విషయంపై ఉమ్మడి ప్రకటన మీద లూథరన్లూ కాథలిక్కులూ సంతకాలు పెట్టారు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలవాళ్లు కలిశారు. మీరింకా 1547లోనే ఉన్నారు.

రోమా328
సంతకాల సంగతి అటుంచండి. నేను ఇంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. చావు మంచం మీద ఉన్నవాడు "నేను చేసింది చాలుతుందా?" అని అడుగుతాడు. ద్రాక్షతీగె గారూ, ఏం చెబుతారు? ఎన్ని క్రియలు? ఎవరు లెక్కపెట్టాలి? ఒక్కటి అడిగినా వాడి చూపు క్రీస్తు మీంచి తన చేతుల మీదికి దిగిపోతుంది. అక్కడ వాడికి కనబడేవి వట్టి చేతులే.

ద్రాక్షతీగె
ఆ మనిషికి నేనూ క్రీస్తునే చూపిస్తాను. దొంగను కాదనను. కానీ మీరు మంచం మీదివాడి కోసం తయారుచేసిన జవాబును రోజూ లేచి తిరిగేవాడి చేతిలో పెడుతున్నారు. వాడు గుమ్మంలో నిలబడ్డవాడితో "వెళ్లు, చలి కాచుకో, తృప్తిగా తిను" అని తలుపేస్తున్నాడు. 2:16.

రాహాబు కిటికీ
ఇప్పుడు బయటపడింది. ఈ గొడవ లూథర్ చనిపోయిన ఆరేళ్లకే అతని శిష్యుల్లో రేగింది. రక్షణకు సత్క్రియలు అవసరమని గేయోర్గ్ మేజర్ అన్నాడు. హానికరమని ఆమ్స్‌డోర్ఫ్ అంతదూరం వెళ్లాడు. 1577లో లూథరన్ల ఒప్పుదల పత్రం నాలుగో అధికరణం రెండు మాటల్నీ అలా చెప్పకూడదంది. క్రియలు అవసరమే అనాలి, "రక్షణకు" అన్న మాట మాత్రం జోడించకూడదు.

సందేహి
అవసరం, కానీ రక్షణకు కాదు. మరి దేనికి?

రాహాబు కిటికీ
ఎఫెసీ 2:8, 9 దగ్గర ఆపకుండా 10 కూడా చదవండి. సత్క్రియల కోసమే సృష్టించబడ్డాం అంటుంది. "వల్ల" కాదు, "కోసం".

ద్రాక్షతీగె
మత్తయి 25లో రాజు అడిగింది ఆకలి, దాహం, బట్ట, చెరసాల గురించి. సిద్ధాంతం అడగలేదు.

రోమా328
కుడివైపువాళ్ల జవాబు చూడండి: "ప్రభువా, ఎప్పుడు చూశాం?" వాళ్లకు లెక్కే లేదు. చేసింది గుర్తు కూడా లేదు. నేను చెప్పేది అదే.

ద్రాక్షతీగె
44వ వచనం కూడా చూడండి. ఎడమవైపువాళ్లు కూడా "ప్రభువా" అనే పిలిచారు.