ఎంఎన్‌డీ జన్యు అధ్యయనం: కర్నూలు నుంచి నమూనాలు పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

కర్నూలు_న్యూరో: మోటార్ న్యూరాన్ జబ్బు (ఎంఎన్‌డీ, కండరాలను కదిపే నరకణాలు చనిపోయే జబ్బు) మీద ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి జన్యు అధ్యయనం మొదలుపెడుతున్నాం. కడప, అనంతపురం రోగుల రక్తం కూడా ఇక్కడికే వస్తుంది. ఎండల్లో నమూనా చెడకుండా ఎలా తేవాలి? అనుమతులు ఏ వరుసలో?

ల్యాబ్_అనంతపురం: సార్, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులే వాడండి, ఈడీటీఏ రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు. హెపారిన్ ట్యూబులు వద్దు, అదీ గడ్డకట్టనీయదు గానీ పీసీఆర్‌ను (డీఎన్‌ఏను ఎన్నో కాపీలు చేసి చూసే పరీక్షను) అడ్డుకుంటుంది. తీయగానే 8–10 సార్లు మెల్లగా తిరగేయాలి. ఈ ఒక్కటి మరిస్తే రక్తం గడ్డకట్టి డీఎన్‌ఏ సరిగా రాదు. ఐస్ ప్యాక్‌కు ట్యూబు ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టండి, ఆనినచోట రక్తం మంచులా బిగుసుకుని కణాలు పగులుతాయి. 2–8 డిగ్రీల్లో తెచ్చి, వీలైనంత త్వరగా డీఎన్‌ఏ తీసి, బయటికి పంపాల్సింది అదే పంపండి. రక్తం కన్నా అది ప్రయాణానికి బాగా తట్టుకుంటుంది.

అనుమతుల_పని: ముందు మీ ఎథిక్స్ కమిటీ, ఆపైన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడిపే హెచ్‌ఎంఎస్‌సీ, అంటే విదేశాలతో కలిసి చేసే పరిశోధనలను చూసే ఆరోగ్యశాఖ కమిటీ, అవతలివాళ్లతో నమూనాల బదిలీ ఒప్పందం. ఇవి చేతికి రాకముందు ఒక్క ట్యూబూ బయటికి వెళ్లకూడదు. సమ్మతి పత్రంలో నమూనా విదేశానికి పంపడం, దాచడం, ఫలితం చెప్పడం వేర్వేరుగా అడగండి. చేతులు పడిపోయి సంతకం పెట్టలేనివారికి అధ్యయనంతో సంబంధంలేని సాక్షి ఉండాలి. మాట పోయిందని మనిషికి అర్థం కాదనుకుని బంధువులతోనే మాట్లాడేస్తారు, అది తప్పు. కళ్లతోనైనా అవును, కాదు చెప్పించుకోండి.

జన్యువుల_మేడమ్: నమూనాకన్నా వివరాలే ఎక్కువ చెడతాయి. "ఎప్పుడు మొదలైంది" అంటే సరైన జవాబు రాదు. చెప్పు కాలినుంచి జారడం శనగకాయ పీకేముందా, తర్వాతా అని అడగండి. రోగి మాట, మింగడం, నడక, ఊపిరి ఎలా ఉన్నాయో కొలిచే ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-ఆర్ 12 ప్రశ్నలు, 48 మార్కులు, ప్రతిసారీ తేదీతో రాయండి. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి వంశవృక్షంలో దాన్ని చూపే జంటగీత తప్పక గీయండి, అంతర్గత జన్యులోపాలు (అమ్మ, నాన్న ఇద్దరినుంచీ వస్తేనే జబ్బు తెచ్చేవి) అక్కడే బయటపడతాయి.

2011లో దొరికిన సీ9ఓఆర్‌ఎఫ్72 పునరావృతాన్ని (ఆ జన్యువులో ఒకే ముక్క పదేపదే రావడాన్ని) డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివే మామూలు షార్ట్‌రీడ్ సీక్వెన్సింగ్ సరిగా కొలవలేదు, దానికోసమే ఉన్న రిపీట్-ప్రైమ్డ్ పీసీఆర్ వేరుగా చేయించాలి. ఎస్‌ఓడీ1 జన్యువులో లోపం తేలితే ఊరుకోవద్దు. దానికి వాడే టోఫెర్సెన్ మందుకు 2023లో అమెరికా అనుమతి వచ్చింది, ఫలితం చెప్పే నిబంధన అందుకే కావాలి.

చిన్న వయసులో చెవుడుతోపాటు ముఖం, నాలుక బలహీనపడితే మద్రాసు ఎంఎన్‌డీ అనే రకం కావచ్చు. కానీ ఎస్‌ఎల్‌సీ52ఏ2, ఏ3 జన్యువుల లోపాలూ అలాగే కనిపిస్తాయి, వాటికి ఎక్కువ మోతాదు రైబోఫ్లేవిన్ (విటమిన్ బీ2) పనిచేస్తుంది. జన్యు రిపోర్టు కోసం నెలలు ఆగకండి, రక్తం తీసిన రోజే రోగిని చూసే డాక్టరుతో మాట్లాడి రైబోఫ్లేవిన్ మొదలుపెట్టించండి.