రాజు కొలువులో ఆడే ‘మాస్క్’కి తెలుగు మాట ఏది?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండు నాటకరంగ చరిత్ర మీద ఒక పుస్తకం తెలుగు చేస్తున్నాను. ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. జేమ్స్, ఆయన కొడుకు చార్లెస్ రాజ్యం చేసిన రోజుల్లో, అంటే 1603 తర్వాత, లండన్ వైట్‌హాల్ కోటలో పాట, నృత్యం, రాజస్తోత్రం కలిపి ఆడిన ‘మాస్క్’. ఇంగ్లీషులో దీని స్పెల్లింగు వేరు, మూతికి కట్టుకునేదాని స్పెల్లింగు వేరు. తెలుగు లిపిలో రాసేసరికి ఆ కాస్త తేడా కూడా పోయింది. “రాణిగారు ఆ ఏడాది మాస్క్‌లో పాల్గొన్నారు” అని నేను రాసిన వాక్యం చదివి మా అక్క “అప్పుడూ కరోనానా?” అంది. సరే, ‘ముసుగు నాటకం’ అని మార్చాను. అదేమో దొంగల కథలా ఉంది. ఎవరికైనా ఏమైనా తడితే చెప్పండి. వచ్చే వారం అధ్యాయం పంపాలి, టెన్షన్‌గా ఉంది.

తెలుగు మాస్టారు:
యక్షగానం అనేయమ్మా. రాజాస్థానం, పాట, ఆట, స్తోత్రం, అన్నీ ఉన్నాయి కదా. పైగా అదే శతాబ్దం. తంజావూరులో విజయరాఘవ నాయకుడు తన తండ్రినే కథానాయకుడిగా పెట్టి రఘునాథాభ్యుదయం రాశాడు. రంగాజమ్మ మన్నారుదాస విలాసంలో కథానాయకుడు ఆ విజయరాఘవుడే. రాజు ఎదుట రాజు కథే ఆడటం మనకు కొత్త కాదు.

వరంగల్ తమ్ముడు:
మాట పుట్టుక గురించి ఒక ముచ్చట. మా దిక్కు ‘మష్కిరీలు చేస్తున్నవా’ అంటరు కదా, ఆటపట్టిస్తున్నవా అని. అది ఉర్దూ మస్ఖరా నుంచి వచ్చింది. దానికి మూలం అరబ్బీ, నవ్వించేటోడు, విదూషకుడు అని అర్థం. ఇటలీ వాళ్ల ‘మాస్కెరా’, ఫ్రెంచి వాళ్ల ‘మాస్క్’ కూడా ఆ అరబ్బీ మాట నుంచే పుట్టినయని పండితుల్లో ఒక వాదం ఉంది. అందరూ ఒప్పుకోలేదు గానీ, నిజమైతే అక్కా, నీ మాస్కూ మా మష్కిరీ అక్కాచెల్లెళ్లే!

అనువాదకురాలు:
తమ్ముడూ, ఈ ముక్క అక్కకు చెప్పాల్సిందే.

మాస్టారూ, నాకూ మొదట యక్షగానమే తట్టింది. కానీ యక్షగానం అంటే రాసిన గ్రంథం ఉంటుంది, దరువులుంటాయి, ఆడేవాళ్లు ఆ విద్య నేర్చినవాళ్లు. రాజు గొప్ప రసికుడే అయినా ఆయన చోటు గద్దె మీదే. మాస్క్‌లో గజ్జె కట్టేది రాణీ, యువరాజూ, దొరలూ, దొరసానులూ. వాళ్లు ఒక్క మాట మాట్లాడరు. డైలాగులు చెప్పడం కూలికి వచ్చిన నటుల పని, గొప్పింటివాళ్లు ఆ పని చేస్తే పరువు తక్కువ. నృత్యం మాత్రం మర్యాదే. బెన్ జాన్సన్ అంతటి కవి రాసిన మాస్క్ పుస్తకం తెరిచినా అరగంటలో అయిపోతుంది. అసలు కార్యక్రమం మాత్రం తెల్లవారేదాకా సాగేది. అచ్చయిన పుస్తకాన్ని పట్టుకుని మాస్క్‌ని ఊహించడం, శుభలేఖ చదివి పెళ్లి చూశాం అనుకోవడం లాంటిది.

ఇక ‘ముసుగు’ ఎందుకు పనికిరాదో చెప్తాను. 1605 జనవరి 6 రాత్రి, వైట్‌హాల్. రాసింది జాన్సన్, రంగం కట్టింది ఇనిగో జోన్స్. పేరు ‘మాస్క్ ఆఫ్ బ్లాక్‌నెస్’. అలలు కదిలే కృత్రిమ సముద్రం, దాని మీద ముత్యపు చిప్పలా మెరిసే పెద్ద గుల్ల, అందులో నైజర్ నది కూతుళ్లుగా ఆన్ రాణి, మరో పదకొండు మంది దొరసానులు. రాణి అప్పటికి ఆరు నెలల గర్భిణి. కథ ఏమిటంటే ఈ నల్లని కన్యలు బ్రిటన్ చేరితే అక్కడి సూర్యుడు వాళ్లను తెల్లగా మారుస్తాడు. ఆ సూర్యుడు ఎవరో చెప్పనక్కర్లేదు, ఎదురుగా కూర్చున్న జేమ్సే. (రాజును సూర్యుడనడం మనకు అలవాటే. నలుపంటే కడుక్కోవాల్సిన మరక అన్న అహంకారాన్ని మాత్రం ఇవాళ చదువుతూ మింగడం కష్టం.)

అసలు విషయం, ఆ రాత్రి వాళ్లు ముసుగులు పెట్టుకోలేదు! మొహాలకూ, మోచేతుల దాకా చేతులకూ నల్ల రంగు పూసుకున్నారు. చూసిన డడ్లీ కార్ల్‌టన్ అనే పెద్దమనిషి ఉత్తరాల్లో బాగా సణిగాడు. అంత తొందరగా వదిలే రంగు కాదు కాబట్టి తెల్లగా మారే ఘట్టం ఆ రాత్రి ఆడనేలేదు. మూడేళ్ల తర్వాత, 1608లో, ‘మాస్క్ ఆఫ్ బ్యూటీ’లో గానీ కథ తేలలేదు. ముసుగే లేకుండా ఆడినదాన్ని ముసుగు నాటకం అని ఎలా అంటాం?

నాటకాల పిచ్చి:
మేడమ్, అయితే ‘నృత్యరూపకం’ అంటే సరిపోదా? రేడియోలో, స్కూల్ యానివర్సరీల్లో వింటూనే ఉన్నాం.

అనువాదకురాలు:
నిన్న రాత్రిదాకా నా ఫైల్లో అదే ఉందండీ. కానీ నృత్యరూపకంలో ఆడేవాళ్లు వేదిక మీద, చూసేవాళ్లు కింద. మాస్క్‌లో ఒక ఘట్టం వచ్చేసరికి ఆ గీత చెరిగిపోతుంది. వేషం కట్టినవాళ్లు దిగి వచ్చి, చూస్తున్నవాళ్ల చేతులు పట్టుకుని ఆటలోకి లాగుతారు. గంటల తరబడి నడిచేది ఇదే.

1605 రాత్రే తీసుకోండి. అంతకు అయిదు నెలల ముందే ఇంగ్లండుకూ స్పెయిన్‌కూ ఏళ్ల తరబడి సాగిన యుద్ధం ఆగి సంధి కుదిరింది. ఆ రాత్రి స్పెయిన్ రాయబారికి పిలుపు. రాణితో కలిసి ఆడాడు. ఆమె చెయ్యి ముద్దు పెట్టుకోవడం మర్చిపోలేదనీ, పెదవులకు నల్ల రంగు అంటుకుంటుందేమో అన్నంత పని అయిందనీ అదే కార్ల్‌టన్ రాశాడు. సంధి పత్రం మీద సంతకాలు చాలామంది చూసి ఉండరు, ఇది మాత్రం సభంతా చూసింది. ఫ్రాన్సు రాయబారి మొహం మాడ్చుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ ఇదే తంటా. ఒకరిని పిలిస్తే ఇంకొకరు రారు, కుర్చీ ఒక అడుగు వెనక పడితే స్వదేశానికి ఫిర్యాదు వెళ్తుంది. పెళ్లిలో వియ్యంకుల మర్యాదలు చూసినవాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు.

కూర్చునే చోటు గురించి ఇంకొకటి. ఇనిగో జోన్స్ ఇటలీ పద్ధతిలో తెరల మీద దూరదృశ్యం కట్టేవాడు. దగ్గరి ఇళ్లు పెద్దగా, దూరపువి చిన్నగా, గీతలన్నీ ఒక బిందువులో కలిసేలా. ఆ బొమ్మ తప్పు లేకుండా కనపడేది హాలు మొత్తంలో ఒకే చోట నుంచి. ఆ చోట రాజు గద్దె. రాజుకు దగ్గరగా కూర్చున్నవాళ్లకు లోకం కొంచెం వంకరగా, దూరంగా ఉన్నవాళ్లకు మరీ వంకరగా కనిపించేది. రంగస్థలాన్ని చూడ్డానికి ఎంతమంది వచ్చారో, రాజు దాన్ని చూస్తుంటే ఆయన్ని చూడ్డానికి అంతమంది వచ్చారు. 1618లో ‘ప్లెజర్ రికన్సైల్డ్ టు వర్చ్యూ’ ఆడుతుండగా యువరాజు బృందం అలసి ఆగింది. జేమ్స్‌కు విసుగొచ్చి, ఎందుకు ఆగారు, నన్ను ఇక్కడికి పిలిచింది దేనికి, ఆడండి అని కేకలేశాడు. వెంటనే ఆయన ప్రియమిత్రుడు బకింగ్‌హామ్ లేచి, ఎగిరెగిరి గంతులేసి ఆయన్ని చల్లబరిచాడు. వెనిస్ రాయబారి వెంట వచ్చిన ఫాదర్ ఒకాయన ఇదంతా పూస గుచ్చినట్టు రాసిపెట్టాడు. ఆ కేకలూ గంతులూ జాన్సన్ పుస్తకంలో లేవు. నాకైతే అవి కూడా మాస్క్‌లో భాగమే అనిపిస్తుంది.

అందుకే నృత్యరూపకం చాలదు అంటున్నాను. కావాల్సిన మాటలో ముసుగు లేకపోయినా ఫర్వాలేదు, కొలువు ఉండాలి.

కదిరి నుంచి:
అక్కా, మీరే చెప్పేసినారు కదా. కన్నడ సరిహద్దు ఊర్లలో బయలాట అంటారు. బయట, మైదానంలో ఆడేది బయలాట. కొలువులో ఆడేది కొలువాట!

తెలుగు మాస్టారు:
భేష్! కొలువు ప్లస్ ఆట, ఉత్వసంధి, పేచీ లేదు. ‘ఆట’ అన్నది ఇంకా బాగా కుదిరింది. తోలుబొమ్మలాటలో ఆట ఉంది, కోలాటంలో ఉంది, సినిమా మొదటి ఆటలో ఉంది. ప్రదర్శన, నృత్యం, సరదా మూడూ అందులోనే. యక్షగానం మాట వెనక్కి తీసుకుంటున్నాను. తంజావూరు వాళ్లు కోప్పడరులే.

నాటకాల పిచ్చి:
బాగుంది. మరి ‘యాంటీమాస్క్’ మాటేమిటి? అది కూడా వస్తుంది కదా మీ పుస్తకంలో.

అనువాదకురాలు:
వస్తుందండీ, అదే రెండో తలనొప్పి. 1609 ఫిబ్రవరి 2న ‘మాస్క్ ఆఫ్ క్వీన్స్’. రాణి, తన బృందం కంటే ముందు దానికి పూర్తి విరుద్ధంగా ఇంకో ఆట ఉండాలని జాన్సన్‌ను అడిగింది. ఆయన పన్నెండు మంది మంత్రగత్తెల్ని దింపాడు. పొగ, మంట, నరకం, వీపు వీపు ఆనించి అడ్డదిడ్డంగా గంతులు. ఆ వేషాలు కట్టింది నటులు. ఉన్నట్టుండి వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. మంత్రగత్తెలూ నరకమూ మాయం. ఆ చోట కీర్తి మందిరం, అందులో పన్నెండు మంది రాణులు. మంత్రగత్తెలకూ రాణులకూ యుద్ధం ఏమీ జరగదు. రాణి కనపడగానే చెడు దానంతట అదే పోతుంది. రాజనీతి అంతా ఈ ఒక్క రంగం మార్పులో ఉంది. వాదన లేదు, ఓటు లేదు, దర్శనం చాలు.

మాట దగ్గరికి వస్తే, ఆ రోజుల్లో దీన్ని మూడు రకాలుగా రాసేవాళ్లు. ఒక స్పెల్లింగుకు ‘ముందు వచ్చేది’ అని అర్థం, ఒకదానికి ‘విరుద్ధమైనది’, ఇంకోదానికి ‘వెకిలి చేష్టలది’. ఏది పెట్టాలి?

తెలుగు మాస్టారు:
ఎదురాట.

చూడమ్మా, ‘ఎదురుగా ఉన్నాడు’ అంటే ముందర ఉన్నాడని. ‘ఎదురు తిరిగాడు’ అంటే విరోధించాడని. నీ మూడింటిలో రెండు ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషు వాళ్లకు రెండు స్పెల్లింగులు కావలసి వచ్చాయి. వెకిలిది మిగిలిపోయింది, దాన్ని నటుల మొహాలకే వదిలేద్దాం.

అనువాదకురాలు:
మాస్టారూ, దండం! రెండు నెలలుగా ‘ప్రతి-మాస్క్’ అని రాసుకుంటూ నాలో నేనే సిగ్గుపడుతున్నాను.

వరంగల్ తమ్ముడు:
ఒక డౌట్ అక్కా. మొత్తం రాజుకు భజనే అయితే దీన్ని కళ అని ఎట్ల అంటం? పైసలు కూడా బాగనే తగలేసినట్టున్నరు.

అనువాదకురాలు:
పైసల సంగతి అడగకు తమ్ముడూ. 1634 ఫిబ్రవరిలో లండన్ లాయర్ల సంఘాలు కలిసి ‘ట్రయంఫ్ ఆఫ్ పీస్’ అనే కొలువాట (చూశారా, వాడేస్తున్నాను) పెట్టాయి. ఖర్చు దాదాపు 21,000 పౌన్లు. ఎందుకంత? విలియం ప్రిన్ అనే వాళ్ల లాయరే నాటకాలను తిడుతూ వెయ్యి పేజీలకు పైగా పుస్తకం అచ్చేశాడు. ఆడనటుల గురించి అందులో ఉన్న పాడు మాట, తానే ఒక నాటకంలో వేషం కట్టిన చార్లెస్ భార్య హెన్రియెట్టా మరియా రాణికి తగిలింది. ప్రిన్‌ను జైల్లో వేశారు, తర్వాత చెవులు కోశారు. మేం అలాంటివాళ్లం కాదు ప్రభూ అని మిగతా లాయర్లు చూపించుకోవాలి కదా.

కానీ భజన మాత్రమే కాదు. ఊరేగింపుగా వచ్చిన ఎదురాటలో ఒకడు నెత్తిన క్యారెట్ల కట్ట, చేతి మీద కోడిపుంజు పెట్టుకుని వచ్చాడు. కోడిపుంజుల్ని క్యారెట్లతో బలిపించే విద్య కనిపెట్టింది తనేననీ, ఆ హక్కు ఇంకెవరికీ లేకుండా రాజుగారు తనకే రాసివ్వాలనీ వాడి కోరిక. జనం పగలబడి నవ్వారు. నవ్వింది ఎవరి మీద? పార్లమెంటు పిలవకుండా ఖజానా నింపుకోవడానికి చార్లెస్ అలాంటి గుత్త హక్కులే నిజంగా అమ్ముతున్నాడు. ఆ మాట ఆయన ఎదుటే, ఆయన పండగలోనే చెప్పారు. మన పగటివేషగాళ్లు మోతుబరి ఇంటి ముందే మోతుబరిని దెప్పి, బియ్యం పోయించుకుని పోయినట్టు.

అందులోనే ఇంకొకటి నాకు బాగా నచ్చింది. చివర్లో రంగం కూలుతున్నట్టు పెద్ద చప్పుడు. వడ్రంగి, రంగులేసేవాడు, దర్జీ, దర్జీ భార్య, ఈకలు కుట్టే అతని భార్య, అందరూ తోసుకుని లోపలికి వస్తారు. మేం చేసిన పని మేం చూడొద్దా అంటారు. ఇదీ నాటకంలో భాగమే. మనల్ని చూసి నవ్వుతున్నారని తెలిసి, మేమూ ఎదురాటకు వచ్చినవాళ్లమే అన్నట్టు నాలుగు గంతులేసి వెళ్లిపోతారు.

నాటకాల పిచ్చి:
చివరికి ఏమైంది మేడమ్ ఈ కొలువాటలన్నీ?

అనువాదకురాలు:
చివరిది 1640 జనవరి 21న, ‘సాల్మసిడా స్పోలియా’. చార్లెస్ పాత్ర పేరు ఫిలోజెనిస్, అంటే ప్రజలను ప్రేమించేవాడు. మొదట తుపాను, రాక్షసి, తర్వాత ప్రశాంతత. బయట తుపాను అలా తగ్గలేదు. రెండున్నరేళ్లకు రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం.

వైట్‌హాల్ బాంక్వెటింగ్ హౌస్ ఇప్పటికీ ఉంది, 1622లో జోన్స్ కట్టినది. దాని పైకప్పుకు జేమ్స్ స్వర్గానికి వెళ్తున్నట్టు రూబెన్స్ వేసిన బొమ్మలు 1636లో బిగించారు. దివిటీల పొగకు బొమ్మలు పాడవుతాయని ఆ తర్వాత కొలువాటల కోసం పక్కన చెక్కతో వేరే హాలు కట్టారు. 1649 జనవరి 30న చార్లెస్‌ను ఆ బొమ్మల కిందుగా నడిపించి, కిటికీలోంచి బయటి చెక్కవేదిక మీదికి తీసుకెళ్లి తల తీశారు.

(రెండు రోజుల తర్వాత) అధ్యాయం పంపేశాను. ‘కొలువాట’, ‘ఎదురాట’ రెండూ పెట్టాను, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణతో. పంపేముందు అక్కకు చూపించాను. “కొలువాట అంటే దసరాకు బొమ్మల కొలువు దగ్గర ఆడేదా?” అంది.

తెలుగు మాస్టారు:
మీ అక్కగారు మరీ తప్పేం అనలేదు. ఏ బొమ్మ ఏ మెట్టు మీద కూర్చోవాలన్న తగాదా అక్కడా ఉండేదేగా.