జెర్మేనియం ఫజ్ ఫేస్: ట్యూనర్ తర్వాత పెడితే గరగర, ఒకే అడాప్టర్‌కి కలిపితే బోర్డంతా ఆఫ్

ఆరుతీగలు:
ఫజ్ ఫేస్ (గిటార్ శబ్దాన్ని గరగరగా మార్చే పెడల్) క్లోన్, పీఎన్‌పీ జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వరుస: గిటార్, ట్యూనర్, వా (పాదంతో ఊపి స్వరం మార్చే పెడల్), ఫజ్, ఆంప్. గిటార్ వాల్యూమ్ 6కి దించినా క్లీన్ అవట్లేదు, గరగర పోవట్లేదు. మిగతా పెడల్స్ ఉన్న డైసీ చైన్ (ఒకే తీగకి చాలా ప్లగ్గులున్న) అడాప్టర్‌కే దీన్నీ కలిపితే అన్నీ ఆగిపోతున్నాయి. పెడల్ పోయిందంటారా?

వాల్వ్‌వేడి:
పెడల్ బానే ఉందండీ, వరుసే తేడా. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) చాలా తక్కువ, కొన్ని కిలో ఓమ్‌లే. ఆ భారం నేరుగా పికప్ (తీగల కంపనాన్ని పట్టే గిటార్ భాగం) మీద పడితేనే ట్రెబుల్ మెత్తబడుతుంది, వాల్యూమ్ తగ్గించగానే నోటు తేటపడుతుంది. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ని విడదీసి అందించే చిన్న సర్క్యూట్) దూరితే పికప్‌కీ ఫజ్‌కీ సంబంధం తెగిపోతుంది. ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ నేరుగా దాటిపోయే రకం) కాని ట్యూనర్లలో బఫర్ ఉంటుంది, ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. వైర్‌లెస్ రిసీవర్, యాక్టివ్ పికప్‌లతోనూ ఇదే బాధ. ఫజ్‌ని మొదట పెట్టి, ట్యూనర్‌ని వెనక్కి జరపండి.

టంకంపొగ:
కరెంటు సంగతి. పీఎన్‌పీ సర్క్యూట్‌లో ప్లస్సే గ్రౌండ్. మిగతా పెడల్స్‌కి మైనస్ గ్రౌండ్. ప్యాచ్ కేబుల్ పైతొడుగు రెండు గ్రౌండ్లనీ కలిపేసరికి అడాప్టర్ షార్ట్ అవుతుంది. మళ్లీ ఆ ప్రయోగం చేయకండి. 9 వోల్టుల మామూలు కార్బన్ జింక్ బ్యాటరీ వేస్తే నెలల తరబడి వస్తుంది, ఎందుకంటే ఇది లాగేది 1 మిల్లీ ఆంపియర్ లోపే. వాయించాక ఇన్‌పుట్ జాక్ మాత్రం తప్పకుండా పీకండి, బ్యాటరీ స్విచ్ అదే. అడాప్టరే కావాలంటే ఐసొలేటెడ్ (మిగతావాటితో గ్రౌండ్ కలవని) అవుట్‌పుట్ ఒకటి దీనికొక్కదానికే ఇచ్చి, పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగేసే కేబుల్ వాడాలి.

ఆరుతీగలు:
వరుస మార్చాక క్లీన్ అవుతోంది, థాంక్సండీ. కానీ నోటు సాగే చివర్లో పుటుక్కున తెగుతోంది.

టంకంపొగ:
బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీ) చోటు తప్పింది. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్రది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి. మైనస్ 4.5 వోల్టుల దగ్గర రావాలి.

ఆరుతీగలు:
మైనస్ 6.2.

టంకంపొగ:
అదే. 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి, ఆ చోట 20 కిలో ఓమ్ ట్రిమ్‌పాట్ (స్క్రూ తిప్పి విలువ మార్చే రెసిస్టర్) టంకం పెట్టండి. విలువ పెంచేకొద్దీ అంకె 4.5 వైపు దిగుతుంది. ట్రాన్సిస్టర్ డబ్బాని వేలితో తాకారంటే ఆ వెచ్చదనానికే అంకె 9 వైపు పాకుతుంది. టంకం పెట్టాక అయిదు నిమిషాలైనా చల్లారనిచ్చి చూడండి. విజయవాడ మే నెల ఎండకి సెట్ చేసింది ఏసీ హాల్లో కుదరదు. ట్రిమ్‌పాట్ బదులు పైన నాబ్ బిగించుకోవడం మేలు.

ఎండతో ఈ తంటా వద్దనుకునేవాళ్లు సిలికాన్ బీసీ108 వెర్షన్ చూడొచ్చు. అది ఎన్‌పీఎన్, మైనస్ గ్రౌండే. కాకపోతే పదునెక్కువ, రేడియో స్టేషన్లూ పట్టేస్తుంది.

వాల్వ్‌వేడి:
ఆంప్ మాట వదిలేశాం. పూర్తి క్లీన్ ఆంప్‌లో ఈ పెడల్ తుమ్మెద రొదలా ఉంటుంది. ఆంప్ అప్పుడే విరగడం (శబ్దం కాస్త గరగరలాడటం) మొదలెట్టే చోట ఉంచి ఫజ్ నొక్కాలి. మార్షల్ 1959 లాంటి నాలుగు ఇన్‌పుట్ల ఆంప్ అయితే గిటార్ మొదటి చానెల్ హై ఇన్‌పుట్‌లో, దాని లో ఇన్‌పుట్ నుంచి రెండో చానెల్ హైకి చిన్న ప్యాచ్ కేబుల్. ట్రెబుల్ చానెల్ 6, నార్మల్ 3తో మొదలుపెట్టండి, ఫజ్‌కి లేని కండ నార్మల్ చానెల్ ఇస్తుంది. అపార్ట్‌మెంట్‌లో 100 వాట్లు కుదరవు, 5 వాట్ల వాల్వ్ ఆంప్ చాలు.

పెడల్‌పిచ్చి:
వా ముందుంటే పాదం ఎంత ఊపినా స్వీప్ చచ్చిపోతుంది, ఒక్కోసారి ఈల కూడా వేస్తుంది. దాన్ని ఫజ్ తర్వాతే ఉంచండి. ముందే కావాలంటే ఫజ్ ఇన్‌పుట్‌కి వరుసలో 47 కిలో ఓమ్ రెసిస్టర్ వేయండి. వా బతుకుతుంది, ఫజ్ గెయిన్ కాస్త తగ్గుతుంది.