ఆల్చిప్ప డింభకాలకు జరిగే హాని హార్మోన్ భంగమేనా?

సాగరిక: ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలిన రసాయనాలు ఆల్చిప్పల డింభకాల, అంటే తొలిదశ పిల్లల, ఎదుగుదలను చెడగొడితే దానిని హార్మోన్ భంగం అనవచ్చా? ఆల్చిప్పల ఈస్ట్రోజెన్ గ్రాహకం, అంటే హార్మోన్ సంకేతాన్ని అందుకోవలసిన ప్రోటీన్, ఈస్ట్రోజెన్‌ను పట్టుకోదని విన్నాను.

రమణ: అనకూడదు. 2003లో అప్లీసియా అనే సముద్రపు నత్తజాతి జీవిలో ఈస్ట్రోజెన్ గ్రాహకపు జన్యువు దొరికినప్పుడు, ఆ గ్రాహకం హార్మోన్‌తో పనిలేకుండా నిరంతరం చురుకుగా ఉంటుందని తేలింది. పసిఫిక్ ఆయిస్టర్ అనే ఆల్చిప్పలోనూ అది ఈస్ట్రోజెన్‌కు స్పందించదు. పైగా వెన్నెముక గల జీవుల్లో ఈస్ట్రోజెన్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైము జన్యువు మొలస్కాల్లో, అంటే నత్తలు, ఆల్చిప్పల వర్గంలో, కనిపించలేదు.

సుజాత: ప్లాస్టిక్ తయారీలో వాడే, ఈస్ట్రోజెన్‌ను పోలిన బిస్ఫినాల్ ఎ కలిపిన నీటిలో మస్సెల్ అనే ఆల్చిప్ప పిండాల పెంకు వంకరపోవడం నేను సూక్ష్మదర్శినిలో స్వయంగా చూశాను. గ్రాహకాన్ని చూపలేదన్న ఒక్క కారణంతో ఒక పత్రిక నా వ్యాసాన్ని తిప్పి పంపింది. మీలాంటి వారి పట్టుదల ఫలితమే అది.

రమణ: సుజాత గారూ, పెంకు వంకరపోలేదని నేను అనలేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకం ద్వారానే అలా జరిగిందనడానికి ఆధారం అడుగుతున్నాను.

ఇమ్రాన్: మరి పడవల రంగుల్లోని ట్రైబ్యుటైల్ టిన్ వల్ల ఆడ నత్తలకు పురుషాంగం మొలిచిందే, అది కూడా హార్మోన్ భంగం కాదంటారా?

రమణ: నిస్సందేహంగా హార్మోన్ భంగమే, కానీ దారి వేరు. అరోమటేజ్ అణగారడమే కారణమని చాలాకాలం భావించారు. కానీ ఆ రసాయనం రెటినాయిడ్ ఎక్స్ అనే వేరే గ్రాహకానికి అతుక్కుంటుందని 2004లో జపాన్ పరిశోధకులు చూపారు.

సుజాత: ఆ తేదీనే గమనించండి! 1970ల చివర ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ డింభకాలు బతకక కొత్త పిల్లలు రాకుండా పోయాయి, పెంపకందారులు కుదేలయ్యారు. ఫ్రాన్స్ 1982లోనే 25 మీటర్లలోపు పడవలకు ఆ రంగులను నిషేధించింది. మీ షరతుకు కట్టుబడి ఉంటే మరో 22 ఏళ్లు ఆగవలసి వచ్చేది.

రమణ: నిషేధానికి గ్రాహకం తెలియాలని నేనెక్కడ అన్నాను? డింభకాలు చస్తున్నాయన్నదే చాలిన కారణం. హార్మోన్ పేరు చెప్పి చేపల కోసం రూపొందించిన పరీక్షలనే ఆల్చిప్పలకు వాడితే అసలు హాని కంటపడదన్నదే నా భయం.

సుజాత: నా భయం వేరు. యూరోపియన్ యూనియన్ 2018లో పురుగుమందులకు పెట్టిన ప్రమాణాల ప్రకారం హానిని, హార్మోన్ మార్గాన్ని, ఆ రెంటి సంబంధాన్ని చూపితేనే ఒక రసాయనం హార్మోన్ భంజకమవుతుంది. ఏ గ్రాహకం ఏ పని చేస్తుందో సరిగా తెలియని జీవుల విషయంలో ఆ రుజువు భారమంతా మాపైనే పడుతోంది. రసాయనాన్ని అమ్మేవారు అది క్షేమమని ఎందుకు నిరూపించకూడదు?

రమణ: భారం వారిపైనే పెట్టమనండి, నేనూ సంతకం చేస్తాను. ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని మాత్రం అందులో సాక్ష్యంగా చేర్చకండి.